అద్దాల వెనక ఐదు కేకులు

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దీన్ని నోట్లో పెట్టుకుంటారే. చూస్తూ ఉండు."

నేనీ మాట అన్నప్పటికి ఏమీ జరగలేదు. వానలు కూడా ఇంకా మొదలవలేదు. అమ్మాయి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, సన్నటి తీగ చివర గులాబీ రేకులు ఒక్కొక్కటే అతికిస్తోంది.

"పెట్టుకోరమ్మా," అంది తల ఎత్తకుండా. "ఎర్రమూత డబ్బాలోవి చూడ్డానికి, తెల్లమూత డబ్బాలోవి తినడానికి. షాపు ఊడ్చే ఆవిడక్కూడా తెలుసు."

"తెలియని వాళ్లు తీస్తే?"

"అయితే నువ్వొచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకో. కొన్న వాళ్లందర్నీ నోరు తెరిచి చూపించి వెళ్లమను."

నేను నవ్వలేదు. ఇలాంటి వాటికి నాకు నవ్వు రాదు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే మనిషిని. అమ్మాయి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే నా మనసు ఆస్పత్రి దాకా పోయి, మంచాలన్నీ వెతికి వస్తుంది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. భయపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

బేకరీల్లో అద్దాల వెనక ఏడంతస్తుల కేకులు మీరూ చూసే ఉంటారు. ఏడాది పొడుగునా అలాగే ఉంటాయి, వాడవు, కుంగవు. అవి కేకులు కావు. లోపలంతా థర్మాకోల్. గుండ్రటి దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, నడిమధ్య పుల్ల దింపి, అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, జిగురు నీళ్లు పూసి, పైన పలచగా ఒత్తిన చక్కెర ముద్దని దుప్పటిలా కప్పుతారు. గాలి బుడగ కనిపిస్తే సూదితో పొడిచి అరచేత్తో నున్నగా రాస్తారు. ఆ తర్వాత పువ్వులు, తీగెలు, ముత్యాలు. పువ్వులు మాత్రం చక్కెరతో చేయరు, పుట్టీ, జిగురు కలిపి చేస్తారు, పదేళ్లయినా రేకు వంగకూడదని. ఇదంతా అమ్మాయి పని. పగలు షాపులో తినే కేకులు, ఇంటికొచ్చాక చూసే కేకులు.

నాది ఆఖరి పని. ఆరబెట్టడం, వార్నిష్ పూయడం. ఆ వాసనకి దానికి తల తిరుగుతుంది.

చక్కెర బాగా ఆరాలి. ఎండాకాలమైతే పది రోజులు, వానాకాలమైతే నెల. వేలి కణుపుతో కొడితే చెక్కపెట్టె మీద కొట్టినట్టు టక్‌మనాలి. చెంప ఆనిస్తే చల్లగా తగలకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అడుగుభాగం ఎప్పుడూ పూయకుండా వదిలేయాలి, ఊపిరాడటానికి. తొందరగా ఇవ్వాల్సి వస్తే వార్నిష్ లేకుండానే ఇచ్చేసి, నెల పోయాక షాపుకే వెళ్లి పూసి వచ్చేవాళ్లం. ఇవన్నీ నాకు అమ్మాయే నేర్పింది. అది నెల అంటే నేను ఇంకో వారం కలిపేదాన్ని. "మా కేకులు మా అమ్మ భయానికి ఆరతాయి. నేను ముసలిదాన్నయినా వాటికి ముడత పడదు" అని షాపులో చెప్పుకుని నవ్వేదట. నాలుగేళ్లు ఆ బేకరీ నడిపే మేడమ్ దగ్గర పనిచేసింది. ఆ అద్దాల ముందు నిలబడి ఫొటోలు తీసుకోని వాళ్లు లేరు.

వానలు పట్టిన మొదటి వారంలో అమ్మాయికి జలుబు చేసి రెండు రోజులు పనికి పోలేదు. రెండో రోజు సాయంత్రం షాపుకి ఒక పుట్టినరోజు కేకు హడావుడిగా కావాల్సి వచ్చింది. పువ్వులు పెట్టే మనిషి లేదు. మేడమ్ తనే చేయి వేసింది. ఏ డబ్బా తీస్తోందో చూసుకోలేదు. ఎర్రమూత డబ్బాలోంచి మూడు గులాబీలు తీసి తినే కేకు మీద గుచ్చి పంపించింది. ఆరేళ్ల పాప అందులో ఒకదాన్ని కొరికింది. తీగ చిగుళ్లలోకి దిగింది. రెండు కుట్లు పడ్డాయి.

ఇదంతా ఓవెన్ దగ్గర పనిచేసే ఆయన తర్వాత మా ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పాల్సినప్పుడు మాత్రం నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు. నేను చేసిందీ అదే.

మర్నాడు అమ్మాయి క్యారియరు మర్చిపోయి పనికి వెళ్లింది. నేను తీసుకెళ్లాను. షాపు గుమ్మంలో గొడుగు ముడుస్తుంటే లోపల్నుంచి మేడమ్ గొంతు వినిపించింది.

"ఇదిగోండి, ఆ పువ్వు చేసిన పిల్ల ఇదే."

కౌంటరు ముందు ఆ పాప నాయనమ్మ నిలబడి ఉంది. వెనక కొనడానికొచ్చిన వాళ్లు ఆరేడుగురు.

"నేను మొన్నా నిన్నా రాలేదు మేడమ్," అంది అమ్మాయి.

"అడిగిందానికి చెప్పు. చేసింది నువ్వా కాదా?"

"పువ్వు చేసింది నేనే. కానీ కేకు మీద పెట్టింది..."

"పెట్టడం గురించి ఎవరడిగారు? చేసింది నువ్వు!" మేడమ్ ఎర్రమూత డబ్బా తెరిచి, ఒక గులాబీ తీసి దాని అరచేతిలో పెట్టింది. "ఆవిడ ముందు తిను. పసిపిల్ల తిన్నది, నువ్వు తినలేవా?"

"అయ్యో, వద్దులెండి," అంది నాయనమ్మ.

"మీరుండండి. వీళ్లకి ఇలా చెబితేనే తెలుస్తుంది. ఊఁ, తిను."

అమ్మాయి గుమ్మం వైపు చూసింది. నన్ను చూసింది. బల్లిని చూసి వీధంతా వినపడేలా అరిచేదాన్ని నేను. ఆ పూట నా నోరు పెగల్లేదు. గొడుగులోంచి నీళ్లు నా పాదాల మీద కారుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

నమిలిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. తల ఎత్తేసరికి అమ్మాయి పెదవి చివర నుంచి గడ్డం మీదికి ఎర్రటి చార దిగుతోంది.

"చాల్లే నాటకాలు. రేపట్నుంచి రాకు," అంది మేడమ్.

నాలుక మీద తెగిన గాయం పన్నెండు రోజులకి మానింది. అమ్మాయి మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే లైటు వేసి నోరంతా చూసి, "లోపం ఏమీ లేదమ్మా. మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడుతుంది. మీరు కంగారు పడకండి," అన్నాడు. నన్ను కంగారు పడొద్దన్నాడు! ఆయన కూతురు కాదుగా.

 అన్నం పెడితే తినేది, పిలిస్తే చూసేది. బల్ల మీద కర్రతో ఒకసారి కొడితే లైటు వేయమని, రెండుసార్లు కొడితే నీళ్లు కావాలని. నేను మాత్రం రెండింతలు మాట్లాడేదాన్ని. "కూరలో ఉప్పు చాలిందా? చాలిందిలే. కిటికీ వేయనా? వేస్తాలే." నా మాటలకి నేనే జవాబు చెప్పుకుంటూ ఇల్లంతా తిరిగేదాన్ని. దానికి మాట ఇక ఎన్నటికీ రాదేమో, నేను పోయాక ఈ పిల్ల బల్ల కొడితే ఎవరు పలుకుతారో అని ఒకటే ఆలోచన.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ, ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం, రోజూ వచ్చి కూర్చునేది.

"మా అత్త ఒక్క పూట ఇలా ఊరుకుంటే నేను కాళ్లు చాపుకుని నిద్రపోయేదాన్ని," అంది ఒకరోజు. అమ్మాయి నవ్వుతుందేమోనని ఇద్దరం చూశాం. నవ్వలేదు. వదిన గొంతు తగ్గించి, "ఆ మేడమ్‌ని ఊరికే వదిలేస్తావా వదినా?" అంది.

"ఏం చేయమంటావు?"

"అద్దం మీద రాయి వెయ్యి. నేను తోడొస్తా."

ఆ ఆలోచన నాకు రాక కాదు. రాయి కూడా చూసి పెట్టుకున్నాను, కుళాయి పక్కన, గుప్పెట్లో పట్టేది. కానీ అద్దం పగిలితే పెంకు దారిన పోయేవాళ్ల కాల్లో దిగుతుందేమో అనిపించింది. ఆవిడ ఇంటికెళ్లి మొహం మీద ఉమ్మేద్దామంటే పోలీసుల్ని పిలుస్తుందేమో, వాళ్లు అమ్మాయిని ప్రశ్నలడుగుతారేమో, అది జవాబు చెప్పదుగా. ఒక్కో పగా తీర్చుకోకముందే దాని చివరిదాకా పోయి చూసి, భయపడి వెనక్కి వచ్చేదాన్ని. కక్ష మాత్రం ఎక్కడికీ పోలేదు. గిన్నెలు తోముతుంటే నా పళ్ల చప్పుడు నాకే వినిపించేది.

అప్పుడు మేడమ్ తనే వచ్చింది.

ముసురు పట్టిన రోజు. కారు వీధి మొదట్లో ఆపుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బురద దాటుకుంటూ వచ్చి, మా కుర్చీలో కూర్చుంది. అమ్మాయి లోపలి గదిలో ఉంది, మధ్యలో తెర.

"ఏమ్మా, బాగున్నారా? అదేదో జరిగిపోయింది. కోపంలో అన్న మాటలు పట్టించుకుంటామా?"

"కాఫీ తాగుతారా మేడమ్ గారూ?" అన్నాను. నా చేతులు కొంగులో దాచుకున్నాను.

"వద్దు. పెద్ద రోడ్డులో కొత్త షాపు తెరుస్తున్నా. ఐదు అద్దాలు. ఐదింటికీ ఐదు కేకులు కావాలి, నడిమిది మనిషంత ఎత్తు. నాకు రెండు వారాలే టైముంది. ఇద్దరు ముగ్గురి చేత చేయించి చూశా, సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి." సంచిలోంచి బొమ్మలు గీసిన కాగితం తీసింది. "ఇంట్లోనే చేసి ఇవ్వండి. పేరు మాత్రం మా మేనకోడలిది పెట్టుకుంటా. మీ అమ్మాయి పేరు పెడితే బాగోదు కదా, ఆ పాప గొడవ అందరికీ తెలుసు."

"అది మాట్లాడటం లేదండీ," అన్నాను. తను చేసిందేమిటో ఆవిడ తెలుసుకుంటుందని అన్నాను. ఒక్కసారి తలదించుకుంటుందని.

"విన్నాను. నోరు లేకపోతేనేం, చేతులున్నాయిగా."

తెర కదిలింది. అమ్మాయి బయటికి వచ్చి, మేడమ్ చేతిలోని కాగితం తీసుకుని, బొమ్మలు ఒక్కొక్కటే చూసి, తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

"చూశారా, బుద్ధిమంతురాలు," అంది మేడమ్ లేస్తూ.

ఆవిడ వెళ్లాక వదిన పరుగెత్తుకొచ్చింది. "ఒప్పుకున్నారా? వదినా, మీకు చీమూ నెత్తురూ లేవా?"

"పనే కదా," అన్నాను. నాకప్పటికి ఏ ఆలోచనా లేదు. నా కూతుర్ని పూర్తిగా విరిచేశారని మాత్రం అనుకున్నాను.

కానీ విరిగిన మనిషి చేసే పని కాదది. పదకొండు రోజులు అమ్మాయి బల్ల ముందు నుంచి లేవలేదు. అంచులు ఎంత రుద్దిందంటే ఇల్లంతా తెల్లటి పొట్టు, కంచంలో కూడా పొట్టే. చక్కెర ముద్ద ఒత్తి, రెండు ముంజేతుల మీద వేసుకుని, పసిపిల్ల మీద కప్పినట్టు దిమ్మ మీద కప్పేది. మొదటిదాని మీద మల్లెతీగె. రెండోదానికి చుట్టూ లేసు, దారం కంటే సన్నంగా, ఒక్క చోట తెగలేదు. నడిమిది ఏడంతస్తులు. దాన్ని ఎక్కడా పెట్టడానికి చోటు లేక లోపలి గది తెర పక్కన, గోడ మూలకి నిలబెట్టాం. దానికి పువ్వులు పెట్టలేదు అమ్మాయి. నీటి మీద గాలి వీచినట్టు అలలు అలలుగా గీతలు తీసింది, అంతే. అంత అందమైన పని అది అంతకుముందు చేయలేదు.

నాకు కడుపు మండిపోయింది. ఇంత పనీ ఆ మేనకోడలి పేరు మీద, ఆ చేతుల్లోకి.

ఆఖరి కేకు పూర్తయిన రోజున అమ్మాయికి జ్వరంతో ఒళ్లు కాలింది. లోపలి గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. షాపు తెరవడానికి ఇంకా మూడు రోజులు. నేను మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట ఒకటే: తడిగా ఉన్నాయండీ, ఇలాగే తీసుకెళ్లండి, నెల పోయాక వచ్చి పూస్తాం. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

షాపు తెరిచే ముందు రోజు మధ్యాహ్నం. బయట వాన. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైంది. మొదటి కేకుకి చెంప ఆనించాను. చల్లగా ఉంది, కుండకి ఆనించినట్టు.

వార్నిష్ డబ్బా మూత తీశాను.

రెండు పూతలు పూశాను, దట్టంగా. పై భాగం, పక్కలు, లేసు కింద, పువ్వుల వెనక. నడిమిదాని వెనక్కి గోడ సందులోంచి చెయ్యి చాచి పూశాను. బరువుగా ఉన్నా ఒక్కొక్కదాన్నీ పక్కకి వంచి అడుగు కూడా పూశాను. ఎక్కడా సూది మొనంత సందు వదల్లేదు.  జీవితంలో మొదటిసారి ఏమవుతుందోనని భయం వేయలేదు, ఏమవుతుందో నాకు బాగా తెలుసు కాబట్టి. లోపలి తడికి బయటికొచ్చే దారి లేకపోతే అది చక్కెరనే తింటుంది. నాలుగు రోజులు నిగనిగలాడుతూ ఉంటుంది. తర్వాత చెమట పడుతుంది. తర్వాత బొబ్బలు.

ఎప్పుడూ ఆఖర్న అమ్మాయే వచ్చి చెంప ఆనించి చూసేది. ఈసారి రాలేదు. జ్వరం నాకు కలిసొచ్చిందనుకున్నాను.

సాయంత్రం వ్యాను వచ్చింది. మోసేవాళ్లతో వచ్చిన మేనకోడలు, పాపం చిన్న పిల్లే, చేతులు వెనక్కి పెట్టుకుని చూసి, "అబ్బ!" అంది. "ఆరాయా ఆంటీ?"

"ఆరాయమ్మా," అన్నాను.

కొత్త షాపుకి ఎదురుగా బస్టాపు ఉంది. నేను రోజూ పదకొండు గంటలకి అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని, ఏ బస్సూ ఎక్కకుండా. మొదటి రోజు జనం అద్దాలకి మూగారు. దీపాల వెలుగులో ఐదు కేకులూ వెన్నెల ముద్దల్లా ఉన్నాయి. ప్రతి అద్దంలోనూ మేనకోడలి పేరు, బంగారు రంగు అక్షరాల్లో. మేడమ్ ఎవరెవరికో చేతులు ఊపుతూ చూపిస్తోంది. చూపించుకో, అనుకున్నాను.

ఐదో రోజు, లేసు కింద ఒక నీటిబొట్టు. దీపం వెలుగేమోనని రోడ్డు దాటి అద్దానికి మొహం ఆనించి చూశాను. బొట్టే. నా మనసు ఎంత చల్లబడిందో చెబితే పాపం తగులుతుంది.

ఏడో రోజుకి మల్లెతీగె ఒక పక్కకి జారింది. మేడమ్ దీపాలు పెంచింది, ఆరతాయనుకుందేమో. ఆ వేడికి లోపల ఇంకా ఉడికింది. తొమ్మిదో రోజుకి నాలుగింటి మీదా బూడిదరంగు మచ్చలు, అరచేయంత బొబ్బలు. ఇంటికొచ్చి అమ్మాయి ముందు అన్నం పెట్టి, మొహం తిప్పుకుని నవ్వుకునేదాన్ని. అప్పుడే గుర్తొచ్చేది. కుళ్లుతున్నది ఎవరి చేతి పని? ఆ మల్లెమొగ్గలు ఎన్ని గంటలు కూర్చుంటే వచ్చాయి? ఆ రోజు షాపు గుమ్మంలో నిలబడినప్పుడు కూడా నాకు నా మీద అంత అసహ్యం వేయలేదు. అయినా మర్నాడు పదకొండింటికి మళ్లీ బస్టాపులో ఉండేదాన్ని.

పదకొండో రోజు ఆదివారం. షాపు నిండా జనం. నేను బస్టాపు నుంచి లేచే లోపే ఐదో అద్దంలో పై అంతస్తు చర్మం ఊడినట్టు జారి కింద పడింది. తెల్లటి థర్మాకోల్ బయటపడింది. నల్లటి బూజు, కారుతున్న చక్కెర పాకం, చీమలు. ఇంకో నిమిషానికి రెండోది ముందుకి ఒరిగి అద్దానికి అతుక్కుంది.

నేను రోడ్డు దాటి లోపలికి వెళ్లాను. కళ్లద్దాల ఆవిడ ఒకరు కొన్న డబ్బా తిరిగి కౌంటరు మీద పెట్టేస్తోంది.

"చూడ్డానికి పెట్టినవే ఇలా కుళ్లితే, తినేవెలా ఉంటాయమ్మా?"

"వాతావరణం అండీ, వానలు కదా..." అంటోంది మేడమ్.

"పాత షాపు వాళ్లే కదా మీరు? తీగలున్న పువ్వు పిల్లకి పెట్టింది?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

మేడమ్ మేనకోడలి వైపు తిరిగింది. "ఏం చేశావే ఇది? ఏం కలిపావు?"

"నన్నంటావేంటి అత్తా!" ఆ పిల్ల ఏడుస్తూ అరిచేసింది. "నేను చేశానా? నాకు పువ్వు చేయడమే రాదు. ఆ నోరు తెగిన అమ్మాయి చేత చేయించావుగా!"

 ఓవెన్ దగ్గరాయన తలుపు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఎందుకో అప్పుడు ధైర్యం వచ్చింది ఆయనకి. "పాప కేకు మీద పువ్వు పెట్టింది కూడా ఆ అమ్మాయి కాదండీ," అన్నాడు మెల్లగా. "ఆ రోజు సెలవులో ఉంది."

ఒక్కొక్కళ్లే బయటికి వెళ్లడం మొదలుపెట్టారు. మేడమ్ అద్దం వెనక అరలోకి వంగి, పడిపోయిన ముద్దల్ని రెండు చేతులతో ఎత్తి బుట్టలో వేస్తోంది. మోచేతుల దాకా జిగట. వారాల తరబడి ఆవిడతో అనాల్సిన మాటలు గిన్నెలు తోముతూ వల్లించుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"మేడమ్ గారూ," అన్నాను. "చేతులు బాగా కడుక్కోండి. వార్నిష్ ఉంది. నోట్లోకి పోతే మంచిది కాదు."

ఆవిడ తల ఎత్తింది. నా మొహం చూసింది. నేను ఈసారి నా పాదాల వైపు చూసుకోలేదు. ఆవిడకి అంతా అర్థమవడం, ఒక్కో మెట్టూ దిగినట్టు, నాకు కనిపించింది. అర్థమై ఏం చేస్తుంది? మళ్లీ ఆ ముద్దల మీదికే వంగింది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. గొడుగు అక్కడే వదిలేశాను. తడిసి ముద్దయి వచ్చేసరికి అమ్మాయి బల్ల ముందు కూర్చుని చాకులు, గరిటెలు తుడుచుకుంటోంది. తువ్వాలు తెచ్చి నా భుజం మీద వేసింది. నేను తుడుచుకోలేదు. దాని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"నీకొక సంగతి చెప్పాలి," అన్నాను. "జ్వరంతో నువ్వు పడుకున్న రోజు నేను ఆరకుండానే వార్నిష్ పూశాను. కావాలనే. అడుగులు కూడా. కుళ్లిపోయాయి. మల్లెతీగె, లేసు. అందరి ముందూ పడిపోయాయి. ఆవిడ పరువు పోయింది, మేనకోడలే నిజం చెప్పేసింది, ఓవెన్ దగ్గరాయన కూడా చెప్పాడు. నాకు సంతోషంగా ఉంది. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉంది. కానీ నీ చేతి పని అది. ఆ రోజు షాపులో నోరు విప్పాల్సినప్పుడు విప్పలేదు. ఇప్పుడేమో నువ్వు చేసింది నా చేత్తో పాడు చేశాను. నువ్వు ఇక జన్మలో నాతో మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను."

అమ్మాయి చాకు తుడుస్తూనే ఉంది.

"ఐదు కేకుల్లో నాలుగు మట్టిలో కలిశాయి. నడిమిది మాత్రం ఇంకా అలాగే నిలబడి ఉంది. మచ్చ కూడా లేదు. అది కూడా పడి ఉంటే..." నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది, అయినా ఆగలేదు. "అన్నింటికీ ఒకేలా పూశాను. అదొక్కటే ఎందుకు నిలబడిందో నాకు అర్థం కావడం లేదు."

 చూరు మీది నుంచి నీళ్లు బకెట్లో పడుతున్నాయి. వీధిలో సైకిలు ఒకటి బురదలో దిగబడి, లేచి వెళ్లిపోయింది. వదిన వాళ్ల కుట్టుమిషను చాలాసేపు ఆడి ఆగింది. అమ్మాయి చాకు పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది, దాన్నీ తుడిచింది, బల్ల మీద మిగిలినవాటి పక్కన వరసగా పెట్టింది. నేను లేవబోయాను.  పొయ్యి వెలిగించాలి, అన్నం వండాలి.

"వెనకవైపు నీకు అందలేదమ్మా," అంది. గొంతు బొంగురుగా ఉంది, తుప్పు పట్టిన తాళం తిరిగినట్టు. "తెరలోంచి చూశాను. స్టూలు వేసుకోవాల్సింది."